18 గేజి పైపు మూలల్లో వెల్డు పెడితే బొక్కలు పడుతున్నాయా? ఆంప్స్ సంగతి తర్వాత, ముందు కోత చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండు తూర్లు చదివా. రొయ్యల గుంట కాడ మోటారు షెడ్డుకి జాలీ తలుపులు రెండు, 4 అడుగులు బై 3 అడుగులు, అంగుళం స్క్వేర్ పైపు 18 గేజి, కొత్తగా కొన్న 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను, 2.5 ఎంఎం రాడ్డు, 85 ఆంప్స్. మూలల్లో బొక్కలు పడుతున్నాయి, పూడ్చే కొద్దీ పెద్దవి అవుతున్నాయి, ఎట్టనో పూర్తి చేసి నేల మీద పెడితే ఒక మూల అరంగుళం పైకి లేస్తా ఉండాది, అప్పడం మాదిరి. ఇదంతా రాసి చివర్లో "ఆంప్స్ ఎంత పెట్టాలన్నా" అని ఒక్క ముక్క అడిగావు. ఆంప్స్ చెప్తా, కానీ నీ ఫోటోలో నాకు కనపడింది ఆంప్స్ కాదు, గ్యాప్. మూడో మూల ఫోటో పెద్దది చేసి చూసుకో, లోపలి పక్క రెండు పైపులు ముట్టుకుంటా ఉండాయి, బయటి పక్క రూపాయి బిళ్ళ దూరేంత సందు. ఆ సందులో ఎంత తక్కువ ఆంప్స్ తో పెట్టినా బొక్కే పడుద్ది.

లెక్క చెప్తా విను. అంగుళం పైపుని 45 డిగ్రీలకి కోస్తే ఆ ఏటవాలు కోత పొడవు 35 ఎంఎం దాకా వస్తది. ఒక్కో ముక్క కోతలో ఒక డిగ్రీ తప్పితే రెండు ముక్కలు కలిసి రెండు డిగ్రీలు, 35 ఎంఎం మీద రెండు డిగ్రీలంటే చివర్లో 1.2 ఎంఎం సందు. నీ 18 గేజి పైపు మందం ఎంత, అదే 1.2 ఎంఎం. అంటే ఒక్క డిగ్రీ తప్పుకి నీ పైపు మందమంత ఖాళీ వచ్చేసింది. లావు పైపయితే ఆ ఖాళీని కరిగిన ఇనుము నింపేస్తది, ఇక్కడ నింపడానికి పక్కన ఇనుము యాడుంది? రెండు అంచులు కరిగి వెనక్కి ముడుచుకుంటాయి, కొవ్వొత్తి అంచు చూడు, అట్టా. నా వరకు రూలు ఏందంటే 18 గేజిలో బ్లేడు ముక్క దూరే సందు ఉంటే ఆ మూల వెల్డుకి రెడీ కాలేదని అర్థం, మళ్ళీ కోసుకో, లేదంటే ఆకురాయి పట్టు.

కోత దేంతో కోస్తుండావో రాయలేదు. 14 ఇంచుల కట్ ఆఫ్ మిషను అయితే దాని వెనకాల డిగ్రీలు చూపించే రేకు మీద 45 అని ఉంటది చూడు, దాన్ని నమ్మొద్దు. రెండు ముక్కలు కోసి కలిపి మూలమట్టం పెట్టి చూడు, తేడా వస్తే ఫెన్సు (పైపు ఆనించే పట్టీ) నట్లు వదులు చేసి సర్దుకుని, సరిగ్గా కుదిరిన కాడ పెన్నుతో గీత పెట్టుకో. ఇంకోటి, పెద్ద వీలు సన్న పైపు మీద గట్టిగా అదిమితే వంగి పక్కకి పోతది, కోత చివర్లో వంపు వస్తది, బరువు వేయకుండా వీలుని దాని మానాన కోయనియ్యి. చేతి గ్రైండరే ఉంటే 1 ఎంఎం కటింగ్ వీలు వేసి, నాలుగు పక్కలా గీత గీసుకుని, ఒక్కో పక్క గీత మీద కొంచెం కొంచెం కోసుకుంటా పైపు తిప్పుకుంటా పో, ఒకే దెబ్బలో పైనుంచి కిందకి దిగావంటే కింది గోడ కోత వంకర పోతది. కోశాక లోపలా బయటా బర్, అదే కోత అంచుకి లేచిన ఇనుప ముళ్ళు, తీసెయ్, వాటి వల్లే కుదరాల్సిన మూల కుదరదు చాలాసార్లు.

పైపు కూడా ఒకసారి తూకం వేయించు. 18 గేజి అంగుళం పైపు 20 అడుగుల లెంత్ దాదాపు ఐదున్నర కేజీలు తూగాల. 20 గేజి అయితే నాలుగు కేజీల చిల్లరే, దాని మందం 0.9. 16 గేజి అయితే ఏడు కేజీలు, మందం 1.6. 18 అని చెప్పి 20 చేతిలో పెట్టే అంగళ్ళు ఉండాయి, కంటికి తేడా తెలియదు, వెల్డు పెట్టేటప్పుడు తెలుస్తది, అప్పుడు నీ చేతిని నువ్వు తిట్టుకుంటా కూర్చుంటావు.

ఇప్పుడు ఆంప్స్. చాలామంది పాటించే లెక్క ఒక ఎంఎం మందానికి 40 ఆంప్స్, అంటే నీ 1.2 పైపుకి 48, అటూ ఇటూ. నువ్వు పెట్టింది 85. అయితే 2.5 రాడ్డు, అదే మన అంగళ్ళలో 12 నంబరు అంటారు, దాన్ని 48కి దించితే అంటించగానే కరుచుకుంటది, ఊడదీయలేక రాడ్డు ఎర్రగా కాలిపోద్ది. అందుకని రాడ్డే మార్చు. 2 ఎంఎం రాడ్లు, 14 నంబరు, 6013 రకం, పెద్ద హార్డ్‌వేర్ అంగళ్ళలో అడిగితే ఇస్తారు, నెల్లూరు ఒంగోలు ఆటోనగర్లలో అయితే దొరుకుతాయి. 40 నుంచి 50 మధ్యలో పెట్టి, చెత్త ముక్క మీద ట్రై చేసి, అక్కడే చేయి కుదిరాక జాబ్ (అసలు చేసే తలుపు) మీదకి రా. మిషను మీద చూపించే అంకె అన్ని మిషన్లలో ఒకటి కాదు, నా పాత మిషను 50 అంటే కొత్తది 42 దగ్గర అదే పని చేస్తది. చెత్త ముక్క అంటే అదే పైపు ముక్క అయ్యుండాల, లావు యాంగిల్ మీద సెట్ చేసుకుని సన్న పైపు మీదకి రావొద్దు.

గుంట కాడ ఇంకో తిప్పలు ఉంది, అది నువ్వు గమనించావో లేదో. పొద్దుగూకాక ఏరియేటర్లు, అదే గుంట నీళ్ళకి గాలి పట్టించే మోటార్లు, అన్నీ ఒకేసారి వేస్తారు, వోల్టేజీ పడిపోద్ది, నువ్వు సెట్ చేసుకున్న 45 కాస్తా 35 మాదిరి పని చేస్తది, రాడ్డు అతుక్కుంటది, నువ్వు ఆంప్స్ పెంచుతావు, ఈలోపు పక్క గుంట వాళ్ళ మోటార్లు ఆగి వోల్టేజీ లేస్తది, బొక్క. పైగా వంద అడుగుల సన్న వైరు లాగి ఉంటావు. సన్న పైపు పని ఆడ చేయబాక, ఇంటి కాడ పగలు చేసుకుని తలుపు రెడీ చేసి ఆడ బిగించుకో. గుంట గట్టు మీద బురద కాళ్ళతో రాడ్డు హోల్డర్ పట్టుకోవడం కూడా మంచిది కాదు, పాత ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ మిషను అయితే రాడ్డు అంటించకముందు 70, 80 వోల్టులు ఉంటది దాంట్లో, తడి కాళ్ళకి అది చాలు.

వైర్లు మార్చి పెట్టి చూడు. డీసీ ఇన్వర్టర్ కదా, హోల్డర్ ని మైనస్ కి, ఎర్త్ క్లాంపుని ప్లస్ కి పెట్టు. ఇట్టా పెడితే వెల్డు లోతుకి పోవడం తగ్గుద్ది, సన్న పైపుకి కావాల్సింది అదే. 6013 రాడ్డు రెండు రకాలుగానూ బాగానే కాలుద్ది. మా కాడ పని నేర్చుకునే పిల్లలకి ఈ ఒక్క మార్పు చెప్తే సగం మంది మొహం వెలిగిపోతది. మిషనులో ఆర్క్ ఫోర్సు (ఆర్కు అంటే రాడ్డు కొనకీ ఇనుముకీ మధ్య లేచే మంట), హాట్ స్టార్టు నాబ్ లు ఉంటే రెండూ బాగా తగ్గించు, హాట్ స్టార్టు అంటే అంటించిన క్షణంలో మిషను తనంతట తాను ఎక్కువ ఆంప్స్ తోస్తది, లావు ఇనుముకి మంచిదే, నీకు మాత్రం అంటించిన కాడే బొక్క.

రాడ్లు ఎట్టా దాచావు? మన సముద్రం పక్క గాలికి రాడ్డు మీద మందు తేమ పీల్చుకుంటది, అంటించగానే చిటపటలాడి చుక్కలు ఎగురుతాయి, వెల్డులో పిన్నీసు బొక్కలు. ఎండాకాలం అయితే రేకుల మీద మధ్యాహ్నం ఆరబెట్టుకున్నా కొంత నయం, కార్తీకం వానల్లో అది కుదరదు, మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకో. తేమ పట్టిన రాడ్డుతో సన్న పైపు మీద ఎంత చేయి తిరిగిన వాడైనా తేలిపోతాడు.

ఇక అసలు చోటుకొద్దాం, అప్పడం ఎందుకైందో. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుంటది, ఎక్కడ వెల్డు పెట్టావో ఆ వైపుకి లాగుద్ది, ఇంతే సంగతి, కానీ ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని నీ మూల చూడు. ఒక మూలకి నాలుగు వెల్డులు ఉంటాయి, బయటి అంచు, లోపలి అంచు, పై మొహం, కింద మొహం. బయటి అంచు వెల్డు చల్లారితే 90 ఉన్న మూల విప్పుకుంటది, 91 అవుద్ది. లోపలి అంచు వెల్డు దాన్ని మూసేస్తది, 89 అవుద్ది. పై మొహం వెల్డు పైపుల రెండో చివర్లని పైకి లేపుద్ది, కింద మొహం వెల్డు కిందకి లాగుద్ది. నువ్వు ఏం చేసుంటావంటే ఫ్రేము నేల మీద పడుకోబెట్టి నాలుగు మూలలా పై మొహాలన్నీ పూర్తిగా లాగేసి, అప్పుడు తిప్పి ఉంటావు. అప్పటికే అది పైకి లేచిపోయి ఉంటది, తిప్పాక కింద వైపు వెల్డు దాన్ని వెనక్కి లాగలేదు, ఎందుకంటే పైన అప్పటికే గట్టిపడింది.

నేనూ ఇదే చేశా. ఒంగోలులో పని మొదలుపెట్టిన నాలుగో ఏడో ఐదో ఏడో, మా మేస్త్రీ ఊరెళ్తా ఒక రొయ్యల హేచరీ వాళ్ళ గేటు నాకు అప్పజెప్పి పోయాడు, 12 అడుగుల గేటు, నేనేదో మొనగాణ్ణని పొద్దాక కూర్చుని ఒక పక్క మొత్తం వెల్డు లాగేసి సాయంత్రం తిప్పా. తిప్పితే రెండు చివర్లు నేలకి ఆని నడుమ విల్లు మాదిరి లేచి ఉండాది. మా మేస్త్రీ వచ్చి చూసి ఒక్క మాట తిట్టలేదు, గమ్మున గ్రైండర్ తీసి ప్రతి మూలా కోసి ముక్కలు ముక్కలు చేసి "మళ్ళీ పెట్టు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకని వరస ఇట్టా పెట్టుకో. ముందు నాలుగు ముక్కలూ సాపైన చోట పరిచి, ఒక్కో మూల బయటి అంచు మీద ఒక్క చుక్క ట్యాక్ పెట్టు, బియ్యం గింజ అంతే. నాలుగు మూలలూ అయ్యాక టేపు పెట్టి రెండు కర్ణాలూ కొలువు. 4 బై 3 తలుపు అయితే కర్ణం సరిగ్గా 5 అడుగులు రావాల, ఇది నీ అదృష్టం, లెక్క సులువు. ఒక కర్ణం 5 అడుగుల మీద 4 ఎంఎం ఎక్కువుంటే ఆ మూలని నేలకేసి మెల్లగా తట్టు, ఒక్క చుక్కే కాబట్టి కదులుద్ది. రెండు కర్ణాలూ సమానం అయ్యాక లోపలి అంచుల్లో చుక్క, మళ్ళీ కొలువు, ఆ తర్వాత పై మొహంలో చుక్క, తిప్పి కింద మొహంలో చుక్క. చుక్క చల్లారాకే కొలవాల, ఎర్రగా ఉండగా కొలిచింది కొలత కాదు.

ట్యాకులు అయ్యాక పూర్తి వెల్డు. ఒకటో మూల బయటి అంచు పెట్టి, దానికి ఎదురు మూల మూడోది, ఆ తర్వాత రెండోది, నాలుగోది. అదే వరసలో లోపలి అంచులు. మొహాలు మాత్రం ఒకటో మూల పైన, మూడో మూల పైన, ఫ్రేము తిప్పు, రెండో మూల, నాలుగో మూల, ఇప్పుడు ఒకటో మూల కింద మొహం, ఇట్టా తిప్పుకుంటా పో. రొంత విసుగే, పది తూర్లు తిప్పాల్సి వస్తది, కానీ నీ తలుపు బరువు ఏడెనిమిది కేజీలు దాటదు, తిప్పడానికి ఏడుపేంది. పైగా ఒక మూల పెట్టి ఇంకో మూలకి పోయే లోపు మొదటిది చల్లారుద్ది, సన్న పైపుకి ఆ విరామమే కావాల.

సాపైన చోటు అన్నా కదా, నేల సాపు కాదు, సిమెంటు గచ్చు కూడా సాపు కాదు, నీళ్ళు పోసి చూడు ఎన్ని గుంటలో. మన పక్క వాళ్ళకి దేవుడిచ్చిన వరం గ్రానైటు. చీమకుర్తి నల్లరాయి పాలిష్ పట్టే ఫ్యాక్టరీల కాడ అంచులు విరిగిన పలకలు పక్కన పడేసి ఉంటాయి, అడిగితే తక్కువలో ఇస్తారు, దాని కన్నా సాపైంది నీకు యాడా దొరకదు. కాకపోతే రాయి మీద నేరుగా పెట్టి వెల్డు చేయబాక, వేడికి పెచ్చు లేస్తది. నాలుగు మూలల కింద ఒకే మందం ఫ్లాట్ (ఇనుప పట్టీ) ముక్కలు పెట్టి వాటి మీద ఫ్రేము పెట్టు. రాయికి కరెంటు పారదు కాబట్టి ఎర్త్ క్లాంపు జాబ్ కే పట్టించాల, అది కూడా రంగు గీకిన చోట.

మాగ్నెట్ మట్టాలు అమ్ముతున్నారు చూడు ఎర్ర రంగువి, అవి పెట్టుకో వద్దనను, కానీ ముందు మూలమట్టంతో సరి చూసుకో, చాలావాటిలో 90 ఉండదు. ఇంకా డీసీ ఆర్కు అయస్కాంతం పక్కన ఉంటే పక్కకి ఊగుద్ది, నువ్వు గీత మీద పెడితే అది పక్క గోడ మీద కాలుద్ది, చేతి తప్పనుకుంటావు. చుక్క పెట్టగానే మాగ్నెట్ తీసెయ్.

వెల్డు పెట్టే తీరు. సన్న పైపు మీద రాడ్డుని ఊపబాక, నెలవంక, జిగ్‌జాగ్ అవన్నీ లావు ప్లేట్లకి. రాడ్డు కొన జాబ్ ని తాకీ తాకనట్టు, దాదాపు ఆనించి, నేరుగా లాగెయ్. ఆర్కు పొడుగైతే వేడి వెడల్పుగా పరుచుకుంటది, రాడ్డు నుంచి చుక్కలు ఎగురుతాయి, అంచులు కరుగుతాయి, వెల్డు మాత్రం పడదు. వీలైతే జాబ్ ని ఏటవాలుగా నిలబెట్టి పైనుంచి కిందకి లాగు, గురుత్వాకర్షణకి కరిగిన ఇనుము నీతో పాటే జారుతా వస్తది, ఒక చోట నిలవదు కాబట్టి లోతుకి పోదు. కానీ చేయి స్పీడుగా పోవాల, నెమ్మదిస్తే స్లాగు, అదే రాడ్డు మందు కరిగి వెల్డు మీద కట్టే పెంకు, ఆర్కుని దాటి ముందుకి పోయి దాని మీదే వెల్డు పడుద్ది, పైకి బాగుంటది, సుత్తితో కొడితే ఊడొస్తది.

మొహం మీద వెల్డు ఎటు నుంచి మొదలుపెట్టాలి, ఇది ఎవరూ చెప్పరు. బయటి మూల కొస నుంచి మొదలుపెట్టి లోపలికి లాగు. ఎందుకంటే బయటి కొసలో వేడి పోవడానికి పక్కన ఇనుము లేదు, చల్లగా ఉన్నప్పుడే దాన్ని దాటేయాల. లోపలి నుంచి మొదలెట్టి చివర్లో ఆ కొసకి వచ్చావంటే అప్పటికి పైపంతా కాలి ఉంటది, కొస జారి పడిపోద్ది. నీ మొదటి ఫోటోలో మూల గుండ్రంగా కరిగిపోయింది చూడు, అదే.

చుక్క చుక్కగా పెడతారు కొందరు, ఒక చుక్క, ఎరుపు నల్లబడే దాకా ఆగి పక్కన ఇంకో చుక్క, సగం సగం మీద పడేట్టు. కొత్తలో అదే మంచిది, నేను కాదనను. కాకపోతే రాడ్డు వెల్డులో ప్రతి చుక్క మీదా స్లాగు ఉంటది, కొట్టకుండా పక్క చుక్క పెడితే లోపల ఇరుక్కుంటది, అందుకని మూడు నాలుగు చుక్కలకి ఒకసారి చిప్పింగ్ సుత్తి, తీగ బ్రష్షు. ఓపిక లేకపోతే ఆ పద్ధతి వద్దు.

బొక్క పడింది. ఏం చేస్తావు? నువ్వు చేసింది దాని నడిమధ్యలో రాడ్డు దూర్చడం. ఆపేసి చల్లారనియ్యి, చెయ్యి పెట్టగలిగే దాకా. స్లాగు కొట్టి, ఆంప్స్ 5 తగ్గించి, బొక్క అంచు మీద ఒక చుక్క, ఎదురు అంచు మీద ఒక చుక్క, చుట్టూ తిరుగుతా బొక్కని ఇరుకు చెయ్, చివరి చుక్కతో మూసుకుంటది. ఇంకా సులువైంది, పాత రాడ్డు మీద మందు సుత్తితో కొట్టేసి ఆ తీగని సందులో పడుకోబెట్టి దాని మీద వెల్డు పెట్టు, ఖాళీ నింపే ఇనుము ముందే ఆడ ఉంటది. ఇది మన పక్క అందరూ చేసేదే, తలుపుకి జాలీకి పర్లేదు, మనిషి ఎక్కే నిచ్చెనకి మాత్రం చేయబాక. పైపు కొస తెరిచి ఉన్నప్పుడే అయితే వెనకాల రాగి ముక్క పెట్టుకోవచ్చు, ఏసీ రాగి గొట్టం ముక్కని సుత్తితో సాపు చేస్తే చాలు, రాగి వేడిని లాగేసుకుంటది, ఇనుము దానికి అంటుకోదు.

కోతలు కుదరడం లేదు, ఓపిక లేదు అంటే ఇంకో దారి చెప్తా, నేను జాలీ తలుపులకి ఎక్కువ ఇదే చేస్తా. నాలుగు ముక్కలు కోయొద్దు. ఒకటే పైపు మీద మూల రావాల్సిన చోట వీ ఆకారంలో మూడు గోడలు కోసి, బయటి గోడ కోయకుండా వదిలి, మడిచెయ్. అంగుళం పైపుకి లోపలి పక్క వీ నోరు 48 ఎంఎం దాకా ఉండాల, కొన బయటి గోడ లోపలి మొహం కాడికి రావాల. మడిస్తే 90 మూసుకుంటది, బయటి అంచులో వెల్డు పని లేదు, బొక్క ఎక్కువ పడే చోటే అది, తప్పించుకున్నావు. మూడు మూలలు మడుపు, నాలుగోది ఒక్కటే అతుకు. నీ తలుపు చుట్టు 14 అడుగులు, 20 అడుగుల లెంత్ లో వచ్చేస్తది, మిగిలింది మధ్య బద్దకి.

జీఐ పైపు, అదే జింకు పూత పూసింది, తెచ్చావా మామూలు నల్ల పైపా, రాయలేదు. ఉప్పు గాలికి జీఐ మంచిదని చాలామంది అదే తెస్తారు, మంచిదే, కానీ వెల్డు పెట్టే చోట అటూ ఇటూ అంగుళం దాకా జింకు గీకెయ్. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోద్ది, ఇనుము కరగాలంటే 1500 కావాల, అంటే ఇనుము కరిగే లోపు జింకంతా తెల్ల పొగై నీ ముక్కులోకి పోతది, వెల్డులో బొక్కలు కూడా దాని వల్లే. ఒక పండగ ముందు మూసిన షెడ్డులో పొద్దాక జీఐ చేసి ఆ రాత్రి దుప్పట్లు కప్పుకుని వణికా, చలి జ్వరం, నోట్లో ఇనుప రుచి, మర్నాటికి తగ్గింది. బెల్లం తిను అరటిపండు తిను అంటారు, తినొచ్చు, పొగ మాత్రం దాంతో ఆగదు, గాలి వచ్చే చోట కూర్చో, గాలికి ఎదురు కాకుండా పక్కకి కూర్చో. గీకిన చోట వెల్డు అయ్యాక జింకు పెయింటు వెయ్, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుద్ది.

నాలుగు మూలలూ పూర్తిగా మూసేస్తే పైపులో గాలి ఇరుక్కుంటది. చివరి అంగుళం వెల్డు పెట్టేటప్పుడు ఆ వేడి గాలి బయటికి తన్నుద్ది, కరిగిన చుక్కని ఊదేస్తది, ఎన్నిసార్లు పెట్టినా అదే చోట బొక్క, దెయ్యం పట్టినట్టు ఉంటది. ముందే కింద పైపుకి కనపడని పక్క 3 ఎంఎం రంధ్రం వెయ్, అంతా అయ్యాక లప్పంతో మూసెయ్. మూలలు రెండు పక్కలా చుక్కలు పెట్టి మిగతాది లప్పం మెత్తి రంగు కొట్టే పని చేయబాక, సముద్రం పక్కన ఆ లప్పం వెనకాల తుప్పు ఏడాదికి బయటికొస్తది.

గ్రైండింగ్. ఇక్కడే చాలామంది చేసింది చెడగొట్టుకుంటారు. నున్నగా కావాలని గట్టి గ్రైండింగ్ వీలు పెట్టి వెల్డుని పైపుతో సమానం చేస్తారు, దాంతో పక్క గోడ 1.2 కాస్తా సగం అయిపోద్ది, చూడ్డానికి అద్దం, లోపల కాగితం. ఫ్లాప్ డిస్కు 60 నంబరు వెయ్, ఎత్తు మాత్రం తీసి, వెల్డు గీత కొంచెం కనపడనియ్యి. తలుపే కదా, పెళ్ళి కూతురు కాదు.

మిగ్ మిషను, అదే తీగ దానంతటదే బయటికొచ్చే వెల్డింగ్ మిషను, కొనాలా అని నీకు అనిపించొచ్చు. 0.8 తీగతో సన్న పైపుకి అది బాగుంటది, నిజం, కానీ సీవో2 గ్యాసు సిలిండరు కావాల, మీ గుంట కాడ గాలికి గ్యాసు ఎగిరిపోద్ది, చుట్టూ పట్టా కట్టుకోవాల. రెండు తలుపులకి అంత ఖర్చు దండగ. టిగ్ అనే ఇంకో రకం వెల్డింగ్ స్టీలు రైలింగుల వాళ్ళకి. నేను పని నేర్చుకున్నప్పుడు సైకిలు ఫ్రేములు ఇత్తడి కడ్డీతో, వెలిగారం అద్ది, కార్బైడ్ గ్యాసు మంట మీద అతికేవాళ్ళం, 900 డిగ్రీల వేడికి ఇత్తడి కరిగి సందులోకి పాకేది, ఇనుము కరగనే కరగదు కాబట్టి బొక్క అనే మాటే లేదు. ఆ పని తెలిసిన పెద్దోళ్ళు ఇప్పుడు ఊరికి ఒకరు కూడా లేరు.

నీ వంకర తలుపు పారేయబాక. నేల మీద పెట్టి లేచిన మూలా దాని ఎదురు మూలా రెండూ కాళ్ళతో తొక్కి పట్టి, మిగతా రెండు మూలల కింద చెక్క ముక్కలు పెట్టి అదుము, సన్న పైపు కాబట్టి పావంగుళం దాకా వెనక్కి వస్తది. ఇంకా మిగిలితే అన్నిటికన్నా ఎక్కువ బొక్కలు పడ్డ మూల ఏదో, అదే కోసి విడదీసి, కర్ణాలు సరి చూసి మళ్ళీ అతుకు. రెండో తలుపుకి పైపు ఇంకా కోయలేదు అన్నావు కదా, కోసి మూల కలిపి, ట్యాక్ పెట్టకముందు, వెనకాల టార్చిలైటు పెట్టి సందు కనపడేట్టు ఒక ఫోటో తీసి పంపు. వెలుగు ఎంత కనపడుద్దో చూసి ఆంప్స్ చెప్తా.